ఒకటిన్నర స్టాప్ తక్కువ

పుష్యమాసం. ముహూర్తాల్లేవు.
స్టూడియో షట్టరు సగం దించి
పరకాల దాటి కాలువ కట్ట వెంబడి బండి పోనిచ్చాను.
రాజమొగిలి యాసంగి నాటుకు కరిగెట దున్నుతున్నాడు.
ట్రాక్టరు కేజీవీళ్ల వెనక కొంగలు,
పెళ్లిలో రెండో బంతికి నిలబడ్డ చుట్టాల్లాగా
ఒకదాన్నొకటి తోసుకుంటూ.

మొదటి ఫోటోలో కొంగ లేదు.
కొంగ ఆకారంలో ఒక చిల్లు ఉంది.
మెడ ఎక్కడ ఆగిందో, రెక్క ఎక్కడ మొదలైందో
ఆనవాలు లేదు.

తప్పు కొంగది కాదు.
కెమెరాకి ఒకటే నమ్మకం,
లోకాన్నంతా కలిపి నూరితే బూడిద రంగని.
ఫ్రేము నిండా నల్లబురద చూసి
అయ్యో చీకటి అని జాలిపడి
వెలుగు ఇంకో రెండు గరిటెలు వడ్డించింది.
బురద బూడిదైంది.
కొంగ కాలిపోయింది.

అదే కొంగ తెల్లారగట్ల
పొగమంచు ముందు నిలబడితే కథ తిరగబడుతుంది.
అబ్బో ఎంత వెలుగని కెమెరా జడుసుకుని
కొంగను మాసిన ధోవతి చేస్తుంది.
అప్పుడు పెంచాలి.
ఇప్పుడు తగ్గించాలి.
తెలుసు. తెలిసీ వేలు కదలదు.
ఇరవై రెండేళ్లుగా
పెళ్లికూతుళ్ల మొహాలు తెల్లగా చేసి బతికినవాణ్ణి,
తెలుపును తగ్గించడం చేతికి రాదు.

తెలుపంటే ఏమిటో నాకు చెప్పింది
ఎనుమాముల మార్కెట్లో పత్తి చూసే ఓదెలు చిన్నాయన.
బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి
పిడికెడు లాగుతాడు. ఎండకు పట్టడు.
తన నీడలోకి తిప్పుకుని చూస్తాడు.
"ఎండల అన్నీ తెల్లగనే ఉంటయి కొడుకా.
నీడల వెడితె తెలుస్తది
ఏది వానకు తడిసింది,
ఏ దాంట్ల ఆకుపొట్టు ఉన్నది."

కొంగ మీదే గురిపెట్టి కొలిచాను.
అర తగ్గించాను. ఒకటి. ఒకటిన్నర.
కాలినచోటల్లా తెరమీద నల్లగా కొట్టుకునే మిణుకులు
ఒక్కొక్కటే ఆరిపోయాయి.
గ్రాఫులో కుడిగోడకు ఒరిగిన గుట్ట
కాస్త ఇవతలికి జరిగింది,
మధ్యలో పిచ్చుక దూరేంత సందు.

అప్పుడొచ్చింది కొంగ.
ఈక మీద ఈక, రెక్క కింద నీలం చాయ,
రొమ్ము మీద మూడు బురద చుక్కలు,
తోకలో విరిగిన ఈక ఒకటి,
పసుపు ముక్కున ఇంకా మెలికలు తిరిగే సగం వానపాము.
ఇంత మురికి ఉంటే తప్ప
తెలుపు తెలుపులా కనిపించదని
నాకు ఎవరూ చెప్పలేదు. చిన్నాయన తప్ప.

"ఏదీ, నన్ను తీస్తివా?"
ఇంజను ఆపకుండానే దిగొచ్చాడు రాజమొగిలి.
చూపించాను.
కొంగ వెనకాల, ట్రాక్టరు మీద
మనిషి ఆకారంలో ఒక చీకటి.
తలకు చుట్టిన తువ్వాల లేదు, మొహం లేదు,
పొద్దుటి నుంచి నవ్విన నవ్వు అసలే లేదు.
"గిది నేనేనా?"
"కొంగకు లెక్క గట్టిన అన్నా."
"మరి నాకు?"

మళ్లీ ఎక్కమన్నాను.
రెండు స్టాపులు పెంచి తీశాను.
నుదుటి మీద ఎండిన బురద వచ్చింది,
నెరిసిన గడ్డం వచ్చింది, పంటి సందు వచ్చింది.
వెనక కొంగలన్నీ మళ్లీ చిల్లులు.
రెండూ ఒకే ఫోటోలో పట్టాలని
మబ్బు కోసం మధ్యాహ్నం దాకా చూశాను.
మబ్బు రాలేదు. కొంగలు పక్క మడికి పోయాయి.

రాత్రి అతని ఫోటో పంపితే
వాళ్లావిడ గొంతు వచ్చింది ఫోనులో.
"మంచిగచ్చింది తమ్మీ.
ఎనుక గా తెల్ల మచ్చలేంది?
తుడిచెయ్య రాదా?"

మొటిమకింత, మచ్చకింత అని రేటు కట్టేవాణ్ణి.
ఏడు కొంగలు లెక్కపెట్టి
ఫోను బోర్లించాను.